డిటిపి నేర్చుకునే ముందు మన అక్షరం కథ కొంచెం తెలుసుకుందాం



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, డిటిపి నేర్చుకుందాం అనుకుంటున్నా. పేజ్‌మేకర్ నేర్చుకోవాలా, ఇన్‌డిజైనా? ఫోన్‌లో కాన్వా ఉండగా ఇవన్నీ దండగంటున్నారు, నిజమేనా?" కింద బోలెడు జవాబులు వచ్చాయి. పేజ్‌మేకర్ పాతబడిపోయిందని కొందరు, షాపులో పని కావాలంటే అదే కావాలని కొందరు. ఎవరి మాటా తప్పు కాదు. కానీ తెలుగులో డిటిపి చేసేవాడికి ఏ సాఫ్ట్‌వేర్ అన్నదాని కంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. నువ్వు కొట్టే అక్షరం ఏ రకం? దాని గురించి ఎవరూ రాయలేదు. మన భాషలకైతే ఆ ప్రశ్న మరీ ముఖ్యం. అందుకే ఈ పొడవాటి పోస్టు. భోజనం చేశాక తీరిగ్గా చదవండి.

నేను కొత్తపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. సాయంత్రం పూట ఇక్కడే ఒక డిటిపి షాపులో పని నేర్చుకుంటున్నా. కోనసీమ కదా, పనికి కొదవ లేదు. మాఘమాసం, శ్రావణం వస్తే పెళ్లికార్డులు. సంక్రాంతికి ప్రభల తీర్థం ఫ్లెక్సీలు. మిగతా రోజుల్లో కొబ్బరి వ్యాపారుల బిల్లు బుక్కులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఎవరో ఒకరి పుట్టినరోజు బ్యానర్లు. షాపులో మూడు కంప్యూటర్లు. రెండింట్లో కోరల్ డ్రా, ఫొటోషాప్. మూడోది ముసలిది, దాంట్లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పుస్తకం లాంటి పని ఏదొచ్చినా ఆ ముసలిదాని మీదే. కొత్తవి రెండుండగా అదెందుకు బతికుందో తెలుసుకుందామని వెతకడం మొదలుపెడితే ఎక్కడెక్కడికో వెళ్లాను.

ముందు సీసం అక్షరాల కాలం. తెలుగు అక్షరం మొదట పుస్తకంగా అచ్చయింది మన దేశంలో కాదు. 1746, 47 ప్రాంతంలో జర్మనీలోని హాలె అనే ఊళ్లో బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మత ప్రచారకుడు తెలుగు పుస్తకాలు వేయించాడు. మన గోదావరి వైపుకొస్తే, కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి ముందు మద్రాసులో అచ్చు వేయించాడు. ప్రతిసారీ అంత దూరం పంపడం కుదరక రాజమండ్రిలో సొంత ప్రెస్సు పెట్టుకున్నాడు. సొంత ప్రెస్సు ఉన్నాకే ఆయనకి అనుకున్నది అనుకున్నప్పుడు రాయడం కుదిరింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఆ ప్రెస్సులో పని ఎలా ఉండేదంటే, చెక్క కేసులో చిన్న చిన్న గళ్లు, గడికో సీసం అక్షరం. కంపోజిటర్ నిలబడి ఒక్కో అక్షరం ఏరి కంపోజింగ్ స్టిక్‌లో పేర్చాలి, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి. ఇంగ్లీషుకైతే చిన్నవి, పెద్దవి, అంకెలు, చుక్కలు అన్నీ కలిపినా వందా నూట యాభైలో అయిపోతుంది. మనకి అలా కుదరదు. గుణింతాలు, ఒత్తులు, ఒత్తు మీద ఒత్తు కలిపి వందల గళ్లు. ఒత్తుని విడిగా పోతపోసి అక్షరం కింద ఇరికించేవాళ్లు. పేజీ పూర్తయ్యాక దారంతో కట్టి, ప్రూఫు తీసి, దిద్ది, ట్రెడిల్ మెషిన్ మీద కొట్టేవాళ్లు. అచ్చయిపోయాక అక్షరాలన్నీ విప్పి మళ్లీ ఏ గడిలోది ఆ గడిలో వేయాలి. మా షాపు అన్న వాళ్ల నాన్న ఈ పనే చేశారంట. ఆయన వేళ్లకి చివరిదాకా గళ్లు గుర్తుండేవని చెప్తారు.

ఈ కాలమంతా మనవాళ్లు ఎక్కడున్నారు? అచ్చులో ఉన్నారు. కానీ వేరేవాళ్లు రాస్తే ఉన్నారు. దుమ్ముగూడెంలో ఉన్న కెయిన్ అనే మిషనరీ 1876లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో రాశాడు. రేకపల్లి అంటే మా వీఆర్ పురం మండలంలోదే. మా తాతల తాతల గురించి వ్యాసం రాసింది ఇంగ్లీషులో, అచ్చయింది బొంబాయిలో. ఎవరి గురించి రాశాడో వాళ్లలో ఒక్కరు కూడా దాన్ని చూసి ఉండరు. ఆయన్ని తిట్టడానికి చెప్పట్లేదు, ఆయన రాయకపోతే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు. కాకపోతే ఆయన కోయ మాట ఒకటి తప్పు విని రాసుంటే "అది కాదయ్యా" అని చెప్పే మనిషి ఆ ప్రెస్సు దగ్గర లేడు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే, 1863. వాడుక భాష కోసం పోరాడాడని స్కూల్లో చదువుకున్నాం. ఆయన జీవితంలో సగం సవరలతో గడిచిందన్నది మాత్రం మన పుస్తకాల్లో ఒక్క లైనులో తేల్చేస్తారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకి బడులు పెట్టాడు, వాచకాలు రాశాడు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు వేసి డబ్బిస్తానంటే నాకొద్దు, ఆ డబ్బుతో సవర బడి పెట్టమన్నాడు. తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి.

డిటిపి నేర్చుకునే వాడిగా నాకు నచ్చింది ఇంకో సంగతి. సవరలో గొంతులో టక్కున ఆగిపోయే శబ్దాలున్నాయి. దానికి తెలుగులో అక్షరం లేదు. అందుకని ఆయన వ్యాకరణానికి ఇంగ్లీషు అక్షరాల మీద ఆధారపడి, కొన్ని గుర్తులు కలుపుకుని ఒక పద్ధతి వాడాడు. దీర్ఘానికి పక్కన రెండు చుక్కలు. పుస్తకం అట్ట మీద "సోరా" అన్న పేరులోనే ఆ చుక్కలు కనిపిస్తాయి. అంటే వ్యాకరణం రాయడంతో ఆయన పని అయిపోలేదు. ప్రెస్సులో ఏ అక్షరాలున్నాయి, భాషకి ఏం కావాలి, రెండూ ఎలా కలపాలి అని కూడా ఆలోచించాల్సి వచ్చింది. లేఅవుట్ అంటే ఫొటో ఎక్కడ పెట్టాలి, రంగు ఏది వేయాలి అని మాత్రమే అనుకునేవాళ్లకి ఇది చెప్పాలనిపించింది.

ఇప్పుడు 1985కి వద్దాం. అమెరికాలో మూడు వస్తువులు ఒకేసారి కలిశాయి. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆపిల్ మాకింటోష్ కంప్యూటరు ఒకటి. అంగుళానికి 300 చుక్కలతో ప్రింటు తీసే లేజర్‌రైటర్ ప్రింటరు రెండోది. అందులో పేజీని గీసే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష అడోబీ వాళ్లది. మూడోది సియాటిల్‌లో ఆల్డస్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన పేజ్‌మేకర్. ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినర్డే ఈ పనికి డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అని పేరు పెట్టాడు. మనం డిటిపి అంటున్నది అదే. ప్రింటరు ఒక్కటే దాదాపు 7,000 డాలర్లు. ఇప్పుడు వింటే గుండె ఆగుతుంది, కానీ అప్పటి కంపోజింగ్ యంత్రాల ధరతో చూస్తే అదే చవక. ఆల్డస్ అన్న పేరు వెనక కూడా కథ ఉంది. అయిదు వందల ఏళ్ల కింద వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు చేతిలో పట్టుకుని తిరిగేంత చిన్న పుస్తకాలు వేశాడు. పుస్తకం బల్ల మీంచి జేబులోకి వచ్చింది అప్పుడే.

ఆల్డస్ కంపెనీని 1994లో అడోబీ కలిపేసుకుంది. 1999లో ఇన్‌డిజైన్ తెచ్చింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. అంటే మా షాపులో ముసలి కంప్యూటరు మీద ఉన్న సాఫ్ట్‌వేరు వయసు నా వయసు కంటే ఎక్కువ. ప్రపంచమంతా వదిలేశాక మనం ఇంకా పట్టుకుని ఉన్నాం. కారణం బద్ధకం కాదు, అక్షరం.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. పాత ఫాంటులో మొత్తం 256 గదులు. అందులో కొన్ని వాడుకోవడానికి వీల్లేదు. ఇంగ్లీషుకి అవి ఎక్కువే. తెలుగుకి, ఇందాక చెప్పినట్టు, వందలు కావాలి. ఆ రోజుల్లో ఫాంట్లు చేసినవాళ్లు ఒక ఉపాయం చేశారు. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టారు. నువ్వు మీట నొక్కితే కంప్యూటర్ తనకి తెలిసిన ఇంగ్లీషు అక్షరమో, ఏదో గుర్తో అనుకుంటుంది. తెర మీద మాత్రం తెలుగు ముక్క కనబడుతుంది. అను, పూణే మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపి, ఇలా ఎవరి గదుల లెక్క వాళ్లది. సీసం ముక్కలు పేర్చిన పనే ఇది, కేసు బదులు కీబోర్డు వచ్చింది. అందుకే పాత కంపోజిటర్లు చాలామంది తొందరగా మారిపోగలిగారు. బొమ్మకి మాత్రం అందం తగ్గలేదు. పెళ్లికార్డు మీద పెట్టుకునే ఒంపుసొంపుల అక్షరాలు ఇప్పటికీ అనులోనే ఎక్కువ. నేను యూనికోడ్ అనగానే మా షాపు అన్న "ఆయ్, కార్డు చూసి మురిసిపోయేది పెళ్లికూతురు తండ్రి, కంప్యూటరు కాదు తమ్ముడూ" అంటారు. ఆయన మాటా నిజమే.

కష్టమంతా ఫైలు ఇంకో చోట తెరిచినప్పుడు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ముసుగు ఊడిపోతుంది, ఇంగ్లీషు అక్షరాల చెత్త కనపడుతుంది. ఫోన్‌లో చదవలేం. వెతికితే దొరకదు. అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టదు. చూపులేని మన మిత్రులకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. ఒకప్పుడు ఈనాడు వెబ్‌సైటు చదవాలన్నా వాళ్ల ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. అలాంటి పేజీల్ని చదవగలిగే తెలుగులోకి మార్చడానికి పద్మ అనే పరికరం ఒకటి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తయారుచేశారు. ఎంత పాట్లో చూడండి.

దీనికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. ఇందులో బొమ్మకి కాదు, అక్షరానికి నంబరు. క అంటే 3093, పొల్లు 3149, ష 3127. ఆ మూడూ వరసగా వస్తే క్ష అని గీయడం ఫాంటు పని. ఫాంటు మార్చినా, ఫోన్ మార్చినా నంబర్లు మారవు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, దేశికాచారి గారు చేసిన పోతన వచ్చింది. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ఫాంట్లు ఉచితంగా విడుదల చేశారు. మండలి, రామభద్ర, సురవరం లాంటివి. వాటిలో ఒకదాని పేరు గిడుగు. గూగుల్ ఫాంట్స్‌లో ఇప్పుడే దించుకోవచ్చు. సవరకి అక్షరాలు వెతుక్కున్న మనిషి పేరు మీద ఫాంటు ఉండటం నాకు భలే అనిపించింది.

పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అందుకే అను, పేజ్‌మేకర్ విడదీయలేని జంట అయ్యాయి. ఇన్‌డిజైన్‌లో తెలుగు లాంటి లిపులకి సాయం 2012 నాటి సిఎస్6 నుంచి ఉంది. అయితే వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అన్నది ఎంచుకోవాలి, లేకపోతే గుణింతాలు విడిపోతాయి. డబ్బు కట్టలేం అనేవాళ్లకి స్క్రైబస్ ఉంది, పూర్తిగా ఉచితం. చాలా ఏళ్లు అందులో తెలుగు సరిగ్గా రాలేదు. 2017లో వచ్చిన 1.5.3 నుంచి వస్తోంది. అది కూడా ఒమన్‌లో ఒక బృందం అరబ్బీ కోసం పడిన కష్టం, మనకీ కలిసొచ్చింది. ఎడారిలో వాళ్లకి కోయ అనే భాష ఉందని తెలిసే అవకాశం లేదు, కానీ వాళ్ల పని వల్ల ఇప్పుడు హాస్టల్ గదిలో కోయ పేజీ కడుతున్నాం.

మన లిపులు కూడా యూనికోడ్‌లో చేరాయి. 1936లో మంగేయి గొమాంగో సవర కోసం తయారుచేసిన సొరాంగ్ సొంపెంగ్ 2012లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో 2006లో వెలుగులోకి వచ్చిన పాత ప్రతుల నుంచి, జయధీర్ తిరుమలరావు గారి లాంటి వాళ్ల కృషితో, గుంజాల గోండి లిపి 2018లో చేరింది. సీసం కాలంలో ఒక లిపికి అచ్చులు పోయించాలంటే ఎవరో పెద్ద దాత కావాలి. ఇప్పుడు నంబర్లు ఉన్నాయి, ఉచిత ఫాంటు ఉంది.

అయితే మా కోయ వైపు మేం ఎక్కువగా రాసుకునేది తెలుగు లిపిలోనే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్న తరగతులకి వాచకాలు తెచ్చినప్పుడు కూడా కోయ, సవర, కువి, కొండ, గోండి, కొలామీ అన్నీ తెలుగు లిపిలోనే వేశారు. ఆ రోజుల్లో జిల్లాల్లో డిటిపి అంటే అను, శ్రీలిపి రకాలే. కాబట్టి మన పల్లెల్లో ఆ పదేళ్లలో కరపత్రమో, పాటల పుస్తకమో ఎవరైనా వేసి ఉంటే దాదాపు అన్నీ ఆ ముసుగు అక్షరాల్లోనే ఉండి ఉంటాయి.

మాకు దొరికింది అలాంటిదే. మా వైపు ఒక అన్న చాలా ఏళ్ల కింద కోయ మాటలు పోగుచేశాడు. చెట్లు, చేపలు, శబరి గట్టు మీద చోట్ల పేర్లు, విత్తనాల పేర్లు. భద్రాచలంలో ఒక షాపులో టైపు చేయించి 64 పేజీల పుస్తకం కొన్ని కాపీలు తీయించాడు. చెప్పిన ముసలివాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ చోట్లలో కొన్ని పోలవరం మునకలోకి వచ్చే ఊళ్లవి. ఊరు కదిలిపోయాక ఆ గట్టు పేరు ఎవరు పలుకుతారు? సీడీ మా చేతికొచ్చింది. తెరిస్తే మొత్తం ఇంగ్లీషు చెత్త. షాపులో ముసలి కంప్యూటర్ మీద తెరిస్తే అక్షరం కనపడింది. అప్పుడే నాకు అది ఎందుకు బతికుందో ఇంకో రకంగా అర్థమైంది.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాడాం. చాలావరకు వస్తుంది, ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర తప్పుతుంది. తెలుగు పుస్తకమైతే పెద్ద ఇబ్బంది లేదు. "కొబ్బర" అని వస్తే చదివిన ఎవరైనా గుడి పెట్టి కొబ్బరి చేసేస్తారు. కోయ మాట విరిగితే? తెలియనివాడు దాన్ని పక్కనున్న తెలుగు మాటగా దిద్దేస్తాడు. పోయినేడు ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి వేరే ఊళ్లో ఒక షాపులో ఫ్లెక్సీ వేయిస్తే "కొండరెడ్ల" అన్నదాన్ని "కొండారెడ్డి గారి" అని దిద్ది ఇచ్చారు. వాళ్లకి అది తెగ పేరని తోచలేదు, మనిషి పేరనుకున్నారు. సభలో నవ్వుకున్నాం సరే, నిఘంటువులో అలా జరిగితే నవ్వలేం. ఆ మాట ఇక అలాగే ఉండిపోతుంది. టైపు చేసేవాడికి భాష రావాలి, లేదా భాష వచ్చినవాడు పక్కన కూర్చోవాలి. ఇందాక కెయిన్ దగ్గర చెప్పింది ఇదే.

కాబట్టి తమ్ముడికి నా జవాబు ఇది. షాపులో పని కావాలంటే అను కీబోర్డు నేర్చుకో, ఇంకా కొన్నేళ్లు అన్నం పెడుతుంది. దానితో పాటే యూనికోడ్ టైపింగు, ఇన్‌డిజైన్ గానీ స్క్రైబస్ గానీ నేర్చుకో. పోస్టరుకి కాన్వా చాలు, 64 పేజీల పుస్తకానికి చాలదు. తెలుగులో లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదులు, లేకపోతే పై లైను ఒత్తు కింద లైను గుడిని గుద్దుతుంది. 14 పాయింట్ల అక్షరానికి 20 దాకా ఇచ్చి చూడు. ప్రింటుకి పంపే ఫొటో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నలిగిపోయి ఉంటుంది. మన పనులకి ఫైలు కూడా దాచు, పీడీఎఫ్ ఒక్కటే దాచకు.

మా పుస్తకంలో ఇప్పటికి 41 పేజీలు మార్చి, ఇద్దరు పెద్దవాళ్లకి చదివి వినిపించి దిద్దాం. సీడీలో 52 నుంచి 57 పేజీల ఫైలు తెరుచుకోవడం లేదు, ఏ కంప్యూటర్లోనూ. విషయసూచిక ప్రకారం అవి చేపల పేర్లు. కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు వాళ్లు ఎవరింట్లోనైనా ఆ పుస్తకం కాపీ ఉందేమో చూడండి. పచ్చ అట్ట, మధ్యలో విల్లు బొమ్మ. దొరికితే ఆ ఆరు పేజీలూ వెలుతురులో ఫొటో తీసి ఇక్కడే కింద పెట్టండి. డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా పంపితే ఒత్తులు కనపడవు.